రూపాంతర శిలల్లో ఖనిజ సూక్ష్మనిర్మాణాలు: విరూపణ చరిత్రకు ఆధారాలు

భూమి లోతుల్లో వేడికీ పీడనానికీ లోనై, పూర్తిగా కరిగిపోకుండానే ఖనిజాలనూ అల్లికనూ మార్చుకున్న రాళ్లను రూపాంతర శిలలు అంటారు. ఆ మార్పు జరిగే కాలంలోనే రాయి నలుగుతుంది, సాగుతుంది, మడతలు పడుతుంది. ఈ ఆకార మార్పుకు విరూపణ అని పేరు. రాయిలోని రేణువుల పరిమాణం, ఆకారం, అవి వరుసదీరిన తీరు, వాటి సరిహద్దుల స్వభావం ఇవన్నీ కలిస్తే సూక్ష్మనిర్మాణం. దాన్ని బట్టి విరూపణ చరిత్రను రాబట్టే భూవిజ్ఞాన శాఖ మైక్రోటెక్టానిక్స్.

రాయిలో ఏయే ఖనిజాలు ఉన్నాయో తెలిస్తే అది ఎంత వేడెక్కిందో, ఎంత లోతుకు వెళ్లిందో అంచనా వేయవచ్చు. ఏ సంఘటన ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్నది మాత్రం ఖనిజాల జాబితాలో దొరకదు. ఒక రేణువు మరో రేణువును చుట్టుకుందా, కోసుకుంటూ వెళ్లిందా, తన లోపల దాచుకుందా అన్నది చూడాలి. చరిత్ర ఈ సంబంధాల్లోనే ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నేల కింద 250 కోట్ల ఏళ్ల గ్రానైట్లు, మార్కాపురం పలకరాయి, నెల్లూరు అభ్రకపు షిస్టులు, విశాఖ ఖోండలైట్లు అన్నీ ఉన్నాయి. అందువల్ల ఈ శాస్త్రంలోని దాదాపు ప్రతి సూత్రానికీ ఇక్కడే ఉదాహరణ చూపవచ్చు.

ఉప్పల్, నాచారం: నేల, సంస్థలు

హైదరాబాద్ తూర్పున తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి కింద 1961లో దీన్ని స్థాపించారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు తొలి భారతీయ అధిపతిగా పనిచేసిన ఎం.ఎస్. కృష్ణన్ దీనికి మొదటి డైరెక్టరు. నాగోలు నుంచి వచ్చే మెట్రో నీలి మార్గంలో స్టేడియం, హబ్సిగూడ స్టేషన్ల నడుమ ఎన్‌జీఆర్‌ఐ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. పడమట ఉస్మానియా విశ్వవిద్యాలయం, నాగోలు వైపు బండ్లగూడలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ ప్రాంగణం ఉన్నాయి. నగరంలోని ఈ ఒక్క కొసన కొన్ని కిలోమీటర్ల పరిధిలో రాళ్లను చదివేవారు ఇంతమంది పనిచేస్తున్నారు.

వారి కాళ్ల కింది రాయి కూడా పాఠమే. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం, మౌలాలి అంతా తూర్పు ధార్వార్ క్రేటన్ అనే అతి పురాతన ఖండభాగానికి చెందిన బూడిదరంగు, గులాబీరంగు గ్రానైట్ల మీద ఉంది. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నాచారానికి చేరువలో ఉన్న మౌలాలి గుట్ట ఈ గ్రానైట్‌కు పేరుపొందిన రూపం. గ్రానైట్ అగ్నిశిల, అంటే కరిగిన శిలాద్రవం గడ్డకట్టగా ఏర్పడింది. అయితే గ్రానైట్ పైకి చొచ్చుకొచ్చేటప్పుడు తనకన్నా పాత నీస్ శిలల ముక్కలను అక్కడక్కడా లోపల చిక్కించుకుంది. నలుపు, తెలుపు పట్టీలతో వంకర్లు తిరిగి కనిపించే ఆ ముక్కలు గ్రానైట్ కన్నా ముందే రూపాంతరం చెంది, మడతలు పడినవి. మడతపడిన పట్టీలను గ్రానైట్ అంచు అడ్డంగా కోసుకుంటూ వెళితే, మడత ముందు, గ్రానైట్ తరువాత అని చెప్పవచ్చు. సూక్ష్మదర్శిని కింద చేసే తర్కమంతా ఇదే. బండ మీద మీటర్లలో కనిపించేది అక్కడ మిల్లీమీటర్లలో కనిపిస్తుంది.

అధ్యయన పద్ధతి, దాని చరిత్ర

రాయిని చూడాలంటే ముందు దాన్ని కాంతి చొరబడేంత పలచగా చేయాలి. వజ్రపు పొడి అద్దిన రంపంతో చిన్న పలక కోసి, గాజు స్లైడు మీద జిగురుతో అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. దీన్ని థిన్ సెక్షన్ అంటారు. చివరి దశలో మందం సరిచూడటానికి కొలబద్ద అక్కర్లేదు. ధ్రువిత కాంతిలో, అంటే ఒకే తలంలో కంపించే కాంతిలో, క్వార్ట్జ్ రేణువు పసుపు రంగు వదిలి లేత బూడిద, తెలుపు రంగులకు వస్తే మందం సరిపోయినట్టే.

స్కాట్లాండ్‌కు చెందిన విలియం నికల్ 1828లో కాల్సైట్ ముక్కలతో ధ్రువణ పట్టకాన్ని తయారుచేశాడు. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1849లో రాళ్ల థిన్ సెక్షన్లు చేయడం మొదలుపెట్టాడు. కొండలను సూక్ష్మదర్శినితో పరిశీలించడమేమిటని మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. పలకరాయి సన్నని రేకులుగా చీలడానికి కారణం అందులోని అతిచిన్న రేణువులు ఒకే వైపు వరుసదీరడమేనని చూపినవారిలో సార్బీ ముఖ్యుడు. 1893లో జార్జ్ బారో స్కాట్లాండ్ కొండల్లో కయనైట్, సిల్లిమనైట్ వంటి ఖనిజాలు వరుసగా మారే మండలాలను గుర్తించాడు. 1930లో ఆస్ట్రియా శాస్త్రవేత్త బ్రూనో సాండర్ రాతి అల్లిక మీద పెద్ద గ్రంథం వెలువరించాక, రేణువుల దిశలను లెక్కగట్టి చూపడం స్థిరపడింది.

నమూనా సేకరించే పద్ధతి కూడా ఈ శాస్త్రంలో భాగమే. బండ నుంచి ముక్కను సుత్తితో విడగొట్టకముందే దాని మీద ఉత్తరం ఎటు ఉందో, పొర ఎటువైపు ఎంత వాలి ఉందో కంపాస్‌తో కొలిచి గీతలు గీస్తారు. పొరలకు లంబంగా, రేణువులు సాగిన గీతకు సమాంతరంగా థిన్ సెక్షన్ కోస్తే కదలిక దిశ స్పష్టంగా కనబడుతుంది. వేరే దిశలో కోసిన ముక్కలో అదే రాయి విరూపణ జాడ లేనట్టు కనిపించి తప్పుదారి పట్టించవచ్చు.

రేణువు లోపల జరిగేది

రాయి లోతున మైనంలా కరగదు. గట్టిగా ఉంటూనే, లక్షల ఏళ్ల పాటు అతి నెమ్మదిగా ఆకారం మార్చుకుంటుంది. పై పొరల్లో వేడి తక్కువ కాబట్టి ఖనిజాలు పగులుతాయి. లోతు పెరిగేకొద్దీ రెండు పద్ధతులు బలపడతాయి. మొదటిది పీడన ద్రావణం. నొక్కుడు ఎక్కువగా ఉన్న ముఖం మీద ఖనిజం నీటిలో కరిగి, నొక్కుడు తక్కువైన చోట మళ్లీ పేరుకుంటుంది. రెండోది స్ఫటిక జాలకం లోపలి జారుడు. పరమాణువుల వరుసల్లో ఉండే లోపాలు ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతూ పోవడం వల్ల స్ఫటికం పగలకుండానే సాగుతుంది.

పలుగురాయిగా మనకు తెలిసిన క్వార్ట్జ్ ఈ మార్పులను అన్నిటికన్నా వివరంగా నమోదు చేస్తుంది. వంపు లేని క్వార్ట్జ్ రేణువును ఒకదానికొకటి లంబంగా ఉంచిన రెండు ధ్రువకాల మధ్య పెట్టి సూక్ష్మదర్శిని వేదికను తిప్పితే, రేణువంతా ఒక్కసారిగా చీకటవుతుంది. జాలకం కొద్దిగా వంగిన రేణువులో అలా జరగదు. వేదిక తిరుగుతుంటే నీడ ఒక అంచున మొదలై రెండో అంచు దాకా పాకుతూ పోతుంది. దీన్ని అలల నిమీలనం అంటారు. గ్రానైట్ పెద్దగా నలగకపోయినా, గడ్డకట్టాక కొద్దిపాటి బలం తగిలితే చాలు, అందులోని క్వార్ట్జ్‌లో ఈ నీడ కనిపిస్తుంది.

వేడి పెరిగితే వంగిన రేణువు తనను తాను చక్కదిద్దుకుంటుంది. ఈ ప్రక్రియ పునఃస్ఫటికీకరణ. ఇటలీ ఆల్ప్స్‌లోని టోనాలే భ్రంశ మండలాన్ని పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం క్వార్ట్జ్‌కు మూడు మెట్లను చూపింది. సుమారు 280 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య రేణువు అంచులు ఉబ్బి పక్క రేణువులోకి చొచ్చుకుపోతాయి. 400 నుంచి 500 డిగ్రీల మధ్య రేణువు లోపల చిన్న గదులు ఏర్పడి, కొద్దికొద్దిగా తిరిగి కొత్త రేణువులవుతాయి. 500 డిగ్రీలు దాటితే సరిహద్దులు వేగంగా కదిలి, పెద్ద రేణువులు వంకరటింకర అంచులతో ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఈ అంకెలను ప్రతి రాయికీ యథాతథంగా అన్వయించకూడదు. విరూపణ వేగం, రాయిలోని నీరు వాటిని పైకీ కిందికీ జరుపుతాయి.

ఫెల్డ్‌స్పార్ మరింత మొండి ఖనిజం. దాదాపు 400 డిగ్రీల దాకా పగలడమే దాని స్వభావం. 450 నుంచి 500 డిగ్రీలు దాటాకే మెత్తబడి పునఃస్ఫటికీకరణ చెందుతుంది. కాబట్టి ఒకే రాయిలో క్వార్ట్జ్ పట్టీలుగా సాగి, ఫెల్డ్‌స్పార్ పగిలి ముక్కలై కనబడితే, విరూపణ ఈ రెండు హద్దుల మధ్య వేడిలో జరిగిందని చెప్పవచ్చు. జనం కాకిబంగారం అనే అభ్రకం రేకులు తేలికగా జారి, నొక్కుడుకు అడ్డంగా వరుసదీరతాయి. ఆ వరుసలే షిస్టుకు పొరల రూపం ఇస్తాయి. పొరలకు సమాంతరంగా నొక్కితే రేకులు మెలిపడి కోణాకారంగా విరుగుతాయి.

రేణువు పరిమాణం కూడా సాక్ష్యమే. జాలకం జారుడుతో కొత్తగా పుట్టిన రేణువులు ఎంత చిన్నవైతే, ఆనాడు రాయిని కుదిపిన ప్రతిబలం అంత ఎక్కువ. ప్రయోగశాలలో తేల్చిన ఈ సంబంధంతో ఎప్పుడో ఆగిపోయిన బలాన్ని ఇవాళ లెక్కించగలుగుతున్నారు.

ముందు ఏది, వెనుక ఏది

గార్నెట్, స్టారొలైట్, కయనైట్ వంటి ఖనిజాలు చుట్టూ ఉన్న సన్నని రేణువుల మధ్య పెద్ద స్ఫటికాలుగా పెరుగుతాయి. పెరిగేటప్పుడు దారిలో ఉన్న క్వార్ట్జ్, ఇల్మనైట్, గ్రాఫైట్ రేణువులను మింగి తమ లోపల భద్రపరుస్తాయి. వీటిని చేరికలు అంటారు. చుట్టూ ఉన్న పొరలు ఆ తరువాత ఎన్నిసార్లు మారినా, గార్నెట్ గట్టి ఖనిజం కాబట్టి లోపలి వరుస చెక్కుచెదరదు. గార్నెట్ పెరిగిన నాటి పొర అలా దాని లోపల నిలిచిపోతుంది.

లోపలి వరుసనూ బయటి పొరనూ పోలిస్తే కాలక్రమం తేలుతుంది. లోపలి వరుస తిన్నగా ఉండి, బయటి పొర దానికి కోణంలో ఉంటే, గార్నెట్ మొదటి విరూపణ తరువాత, రెండోదానికి ముందు పెరిగింది. లోపలి వరుస వంపు తిరిగి, అంచు దగ్గర బయటి పొరతో కలిస్తే, విరూపణ సాగుతుండగానే పెరిగింది. బయటి పొర గార్నెట్‌ను చుట్టుకోకుండా నేరుగా దాని లోపలికి సాగిపోతే, విరూపణ ఆగిపోయాక పెరిగింది. ఒకే రాయిలో రెండు మూడు ఖనిజాలను ఇలా చూస్తే, ప్రతి ఖనిజం పుట్టుకనూ విరూపణ దశలతో జతపరచిన పట్టిక తయారవుతుంది. డచ్ శాస్త్రవేత్త హెచ్.జె. జ్వార్ట్ 1962లో ఈ పద్ధతికి చక్కని క్రమం కల్పించాడు.

చేరికలు సుడి తిరిగిన గార్నెట్లు ఈ శాస్త్రంలో ప్రత్యేక ఆకర్షణ. అరచేతుల మధ్య పిండిముద్దను దొర్లించినట్టు, ఎదురెదురుగా కదిలే పొరల నడుమ గార్నెట్ తిరుగుతూ పెరిగిందని ఒక వివరణ. గార్నెట్ కదలలేదని, చుట్టూ పొరల దిశే దశలవారీగా మారిందని టి.హెచ్. బెల్ 1985లో వాదించాడు. ఈ చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. అమెరికాలోని వెర్మాంట్ సుడి గార్నెట్ల నడిమి భాగానికీ అంచుకూ విడివిడిగా వయసు కట్టి 1989లో ప్రచురించిన అధ్యయనంలో, అవి పెరగడానికి సుమారు కోటి సంవత్సరాలు పట్టిందని తేలింది. ఒక కొండల వరుస ఎంత వేగంతో నలిగిందో కొన్ని సెంటీమీటర్ల స్ఫటికం చెప్పింది.

కదలిక ఏ వైపు

రెండు శిలా ఖండాలు ఒకదాని పక్కగా ఒకటి జారిన చోట విరూపణంతా ఒక సన్నని పట్టీలో కేంద్రీకరిస్తుంది. దాన్ని షియర్ జోన్ అంటారు. అందులోని మెత్తని, సన్నని రేణువుల రాయి మైలొనైట్. చార్లెస్ లాప్‌వర్త్ 1885లో స్కాట్లాండ్‌లోని మొయిన్ థ్రస్ట్ దగ్గర దీనికి ఆ పేరు పెట్టి, రాయి పొడిపొడిగా నలిగి ఏర్పడిందని భావించాడు. అందులో ఎక్కువ భాగం పగలడం వల్ల కాక, పునఃస్ఫటికీకరణ వల్ల సన్నబడిందని తరువాతి సూక్ష్మదర్శిని పరిశీలనలు చూపాయి.

మైలొనైట్‌లో మిగిలిపోయిన పెద్ద ఫెల్డ్‌స్పార్ రేణువుకు రెండు వైపులా పునఃస్ఫటికీకరణ చెందిన పదార్థం తోకలుగా సాగుతుంది. ఒక తోక పైమెట్టున, రెండోది కిందిమెట్టున ఉంటే, పై ఖండం ఏ వైపు జరిగిందో తెలుస్తుంది. తోకల ఆకారాన్ని బట్టి వీటిని సిగ్మా, డెల్టా రకాలుగా విభజించారు. వాలుగా తెగిన అభ్రకం రేకులు, పొరలూ వాటిని ఏటవాలుగా కోసే జారుడు తలాలూ కలిసి ఏర్పరచే ఎస్-సీ అల్లిక కూడా దిశను చూపుతాయి. ఒక్క రేణువు చూపిన దిశతో నిర్ణయానికి రాకూడదు. ఒకే సెక్షన్‌లో రకరకాల గుర్తులు ఎక్కువగా ఒకే దిశను సూచించాలి.

వేడి, లోతు, వయసు

ఆండలుసైట్, కయనైట్, సిల్లిమనైట్ మూడూ ఒకే రసాయన సంఘటనం గల అల్యూమినియం సిలికేట్లు. వేడి తక్కువ, పీడనం ఎక్కువ అయితే కయనైట్, వేడి ఎక్కువైతే సిల్లిమనైట్, పీడనం తక్కువైతే ఆండలుసైట్ స్థిరంగా ఉంటాయి. మూడూ కలిసే బిందువు సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల దగ్గర ఉంది. ఆ పీడనం దాదాపు 14 కిలోమీటర్ల లోతుకు సమానం. కయనైట్‌ను సిల్లిమనైట్ పోగులు తినేస్తున్నట్టు కనిపిస్తే రాయి వేడెక్కిందని లేదా పీడనం తగ్గి పైకి లేచిందని అర్థం. ఆ సిల్లిమనైట్ పోగులు పొరల వెంట వరుసదీరితే ఆ మార్పు విరూపణతో పాటే జరిగింది.

గార్నెట్ రసాయనం కూడా నడిమి నుంచి అంచు దాకా మారుతుంది. సాధారణంగా మాంగనీస్ నడిమిలో ఎక్కువ, అంచున తక్కువ. 1950 దశకం నుంచి అందుబాటులోకి వచ్చిన ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ ఈ మార్పును మైక్రాన్ల దూరంలో కొలుస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం స్ఫటిక తలాలపై పడి చెదిరే తీరును బట్టి ప్రతి రేణువు జాలక దిశను గుర్తించే ఈబీఎస్‌డీ పద్ధతి 1990 దశకంలో భూవిజ్ఞానంలో స్థిరపడింది. యురేనియం, థోరియం గల జిర్కాన్, మోనజైట్ రేణువులు వయసును ఇస్తాయి. మోనజైట్ గార్నెట్ లోపల చేరికగా ఉందా, బయటి పొరలో సాగి ఉందా అన్నది చూసి వయసు కడితే, ఆ సంఖ్య ఏ విరూపణ దశకు చెందిందో తెలుస్తుంది. రేణువు ఎక్కడ ఉందో చూడకుండా కట్టిన వయసు ఏ సంఘటనదో చెప్పలేం.

తెలుగు నేలలోని ఉదాహరణలు

మార్కాపురం పలకలు. తరాలుగా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు కడప శిలా సముదాయం తూర్పు భాగంలోని నల్లమల మడతల పట్టీ నుంచి వచ్చాయి. సముద్రపు అడుగున పేరుకున్న సన్నని బురద కొద్దిపాటి వేడిలో, పక్క నుంచి వచ్చిన ఒత్తిడికి పలకరాయి అయింది. పీడన ద్రావణం వల్ల క్వార్ట్జ్ కరిగిపోయిన చోట, తిరిగి పెరిగిన అభ్రకం అతిచిన్న రేకులు ఒకే తలంలో వరుసదీరాయి. పనివాడు ఉలి పెట్టి తడితే రాయి నునుపుగా రెండుగా విడిపోయేది ఈ తలం వెంటే. చాలాచోట్ల ఇది బురద పేరుకున్న అసలు పొరకు కోణంలో ఉంటుంది. రూపాంతరం తొలిమెట్టు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చేరువైన రాయి తెలుగువారికి లేదు.

నెల్లూరు షిస్టు పట్టీ. నల్లమలకు తూర్పున, గూడూరు అభ్రకపు గనులతో పేరొందిన ఈ పట్టీలో పడమటి ఉదయగిరి భాగం తక్కువ స్థాయి రూపాంతరాన్ని, తూర్పున వింజమూరు భాగం ఎక్కువ స్థాయిని చూపుతాయి. గార్నెట్, స్టారొలైట్, కయనైట్ ఉండే షిస్టులు ఇక్కడ ఉన్నాయి. స్ఫటికాల లోపలి చేరికలనూ చుట్టూ పొరలనూ పోల్చే పద్ధతికి ఇటువంటి షిస్టులే బాగా ఒదుగుతాయి. తూర్పు శిలలు పడమటి శిలల మీదికి నెట్టుకొచ్చిన వెలికొండ థ్రస్ట్ నల్లమలకూ ఈ పట్టీకీ మధ్య హద్దులో ఉంది.

గరీబ్‌పేట గార్నెట్లు. కొత్తగూడెం సమీపంలోని గరీబ్‌పేట గుట్ట కయనైట్, గార్నెట్లకు ప్రసిద్ధి. షిస్టు శిథిలమై రాలిన ఎర్రని ఆల్మండిన్ గార్నెట్లు చుట్టుపక్కల మట్టిలో, వాగుల్లో దొరుకుతాయి. వీటి లోపలి చేరికలను, ముఖ్యంగా సన్నని సిల్లిమనైట్ పోగులు ఉన్న మండలాలను, రసాయన సంఘటనాన్ని పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన గార్నెట్లతో పోల్చి, ఆ ప్రాచీన రేవులో పూసలు చేయడానికి వాడిన రాళ్ల మూలం గరీబ్‌పేటేనని 2017లో ప్రచురితమైన రత్నశాస్త్ర అధ్యయనం చూపింది. రాయి పెరిగిన కాలంలో ఎంత వేడి ఉందో చెప్పే చేరికే, వేల ఏళ్ల నాటి వ్యాపార మార్గాన్ని కూడా పట్టించింది.

ఖోండలైట్. విశాఖపట్నంలో కైలాసగిరితో సహా సముద్రం వైపు నిలిచిన కొండల్లో ఎక్కువ భాగం ఈ రాయే. టి.ఎల్. వాకర్ 1902లో ఖోండు గిరిజనుల పేరిట దీనికి ఆ పేరు పెట్టాడు. ఒకప్పటి బురద, ఇసుక నిక్షేపాలు అత్యధిక వేడికి గురై గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ రాయిగా మారాయి. థిన్ సెక్షన్‌లో సిల్లిమనైట్ సూదులు ఒకే దిశలో సాగి, గుండ్రని గార్నెట్లను చుట్టుకుని పోతాయి. క్వార్ట్జ్ పొడవైన రిబ్బన్లుగా కనిపిస్తుంది. గార్నెట్ లోపల కూడా సిల్లిమనైట్ చేరికలు ఉంటే, బయట కనిపించే పొర మొదటిది కాదని తెలుస్తుంది. తూర్పు కనుమల ఉత్తర భాగానికి సుమారు 100 నుంచి 90 కోట్ల ఏళ్ల నాటి ముఖ్య రూపాంతరం ఉంది. అదే కాలపు శిలలు తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంలోనూ ఉండటంతో, ఆ రెండూ ఒకప్పుడు ఒకే పర్వత పట్టీలో భాగమని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఒంగోలు, కొండపల్లి వైపు దక్షిణ భాగంలో ముఖ్య సంఘటనలు దానికన్నా పాతవి, సుమారు 160 కోట్ల ఏళ్ల నాటివి.

పాడేరు, అనంతగిరి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ మన్యపు కొండల్లో సాఫిరిన్ అనే నీలి ఖనిజం గల గ్రాన్యులైట్లు, అంటే అత్యధిక వేడిలో రూపాంతరం చెందిన శిలలు, ఉన్నాయి. 1987లో పాడేరు శిలల మీద, 1990లో అనంతగిరి శిలల మీద ప్రచురితమైన పరిశోధనలు తూర్పు కనుమలకు ప్రపంచ భూవిజ్ఞానంలో స్థానం కల్పించాయి. అక్కడి సెక్షన్లలో స్పినెల్ రేణువు చుట్టూ సాఫిరిన్ ఒక వలయంగా కమ్ముకుని, దాన్ని క్వార్ట్జ్ నుంచి వేరు చేస్తుంది. ఇటువంటి వలయాన్ని కొరోనా అంటారు. ఒకప్పుడు స్పినెల్, క్వార్ట్జ్ పక్కపక్కనే స్థిరంగా ఉండేవి. ఆ జోడీ నిలవాలంటే 900 డిగ్రీలకు మించిన వేడి ఉండాలి. రాయి చల్లబడేటప్పుడు రెండూ చర్య జరిపి మధ్యలో సాఫిరిన్ పుట్టింది. అది పూర్తయ్యేలోపే చర్య ఆగిపోయింది కాబట్టి, ముందున్న జోడీ, తరువాత వచ్చిన ఖనిజం రెండూ ఒకే చోట కనిపిస్తున్నాయి. ఈ శిలలు లోతులో ఉండగానే చల్లబడ్డాయా, పైకి లేస్తూ చల్లబడ్డాయా అన్నదాని మీద వేర్వేరు చోట్ల పనిచేసినవారు వేర్వేరు నిర్ణయాలకు వచ్చారు. ప్రతి వాదానికీ ఆధారం ఇలాంటి వలయాల వరసే.

కిల్లారి బోరు. ఈ చోటు తెలుగు నేలకు బయటిదైనా పరిశోధన హైదరాబాద్ సంస్థది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చిన తరువాత, ఉప్పల్ రోడ్డులోని భూభౌతిక పరిశోధన సంస్థ కిల్లారి దగ్గర 617 మీటర్ల లోతు బోరు వేసింది. 338 మీటర్ల దక్కన్ బసాల్టు కింద పాత శిలలు తగిలాయి. వాటి ఖనిజాల అల్లిక ఆంఫిబొలైట్ నుంచి గ్రాన్యులైట్ స్థాయి దాకా, అంటే చాలా లోతున ఎక్కువ వేడిలో జరిగే రూపాంతరాన్ని చూపింది. అంటే బసాల్టు ప్రవహించక ముందే పై పొరలు చాలావరకు కొట్టుకుపోయి, లోతులోని శిలలు పైకి వచ్చేశాయి. భూకంపాల గురించి అడిగే ప్రశ్నకు కూడా థిన్ సెక్షన్ జవాబులో కొంత ఇవ్వగలదని ఇది చూపింది.

పరిమితులు

రాయి అన్నీ గుర్తుపెట్టుకోదు. సుమారు 650 నుంచి 700 డిగ్రీలు దాటితే గార్నెట్‌లోని రసాయన తేడాలు పరమాణువుల విసరణ వల్ల చదునవుతాయి. అందుకే నెల్లూరు షిస్టులోని గార్నెట్‌లో దొరికే పెరుగుదల చరిత్ర ఖోండలైట్ గార్నెట్‌లో సాధారణంగా దొరకదు. అక్కడ చేరికల మీదే ఆధారపడాలి. విరూపణ ఆగిపోయాక కూడా వేడి చాలాకాలం నిలిస్తే క్వార్ట్జ్ రేణువులు పెరిగి, వంపులన్నీ చెరిపేసుకుని, 120 డిగ్రీల కోణాల్లో కలిసే చక్కని బహుభుజులుగా మారతాయి. అటువంటి ప్రశాంతమైన అల్లికను చూసి ఆ రాయి ఏనాడూ నలగలేదని అనుకోకూడదు. మరోవైపు, చివర్లో వచ్చిన చిన్న విరూపణ ముందరి పెద్ద సంఘటనల గుర్తులను కప్పేయగలదు. ఒకేలా కనిపించే అల్లిక వేర్వేరు కారణాల వల్ల రావచ్చు. కాబట్టి క్షేత్రంలో గీసిన పటం, థిన్ సెక్షన్, రసాయన విశ్లేషణ, వయసు నిర్ధారణ నాలుగూ ఒకే కథ చెప్పినప్పుడే నిర్ణయం నిలుస్తుంది.

ప్రయోజనం, పరిరక్షణ

షియర్ జోన్ల వెంట ద్రవాలు ప్రవహిస్తాయి, ఖనిజ నిక్షేపాలు పేరుకుంటాయి. సొరంగాలు, ఆనకట్టలు కట్టేచోట రాయి ఏ తలం వెంట జారుతుందో ముందే తెలియాలి. గ్రాఫైట్ రేకుల పరిమాణం, పలకరాయి చీలే తీరు, గ్రానైట్ పలకల మన్నిక అన్నీ సూక్ష్మనిర్మాణంతో ముడిపడినవే. ఈ శాస్త్రం విశ్వవిద్యాలయపు గదుల్లోనే ఆగిపోయేది కాదు.

హైదరాబాద్‌లో ఈ ఆధారాలు వేగంగా కరిగిపోతున్నాయి. నగరపు శిలలను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. వారి వాదనలో అందం, వారసత్వం ముందుంటాయి. శాస్త్రపరంగా కూడా ఆ వాదన బలమైనదే. తూర్పు హైదరాబాద్‌లో బండను పేల్చి కంకరగా మార్చాక కూడా, ఆ ముక్క నుంచి థిన్ సెక్షన్ చేయవచ్చు. అందులోని ఖనిజాలు వేడిని, లోతును, కొంతవరకు వయసును చెబుతాయి. ఉత్తరం ఎటు, పొర ఎటు వాలింది, పాత నీస్ ముక్క గ్రానైట్‌లో ఎలా చిక్కుకుంది అన్నవి మాత్రం బండ ఉన్న చోటే ఉండగా కొలవాలి. కొలవని బండను పగలగొడితే కదలిక దిశ, సంఘటనల వరస శాశ్వతంగా పోతాయి, ఏ యంత్రమూ వాటిని తిరిగి తేలేదు. కాబట్టి ఉప్పల్, నాచారం, మౌలాలి చుట్టూ మిగిలిన బండల్లో ముఖ్యమైనవాటినైనా పటాలకెక్కించి, దిశలు గుర్తించిన నమూనాలు తీసి భద్రపరచడం ఇక్కడి శాస్త్ర సంస్థలు, విద్యార్థులు కలిసి ఇప్పుడే చేయదగిన పని.